లేఖనాన్ని నమ్మొచ్చా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం కనిపిస్తోంది: బైబిల్ మన చేతికి చేరేలోపు మారిపోలేదా, దాని మీద విశ్వాసాన్ని నిలపొచ్చా అని. ఈ సంచిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాం.

మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "మీ బైబిల్ కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ. రెండు వేల ఏళ్లలో ఎంత మారిందో ఎవరు చూశారు?" అని కాలేజీలో స్నేహితులు అన్నారట. వాడు వచ్చి నన్నడిగితే ప్రార్థన చేసుకో నాన్నా అన్నాను గానీ జవాబు చెప్పలేకపోయాను.
— ఒక తల్లి, భీమవరం

ప్రార్థన చేసుకోమనడం మంచిదే. కానీ వాడు అడిగింది చరిత్రకు సంబంధించిన ప్రశ్న కాబట్టి చరిత్రతోనే జవాబు చెప్పాలి. ఆ జవాబు ఉంది కూడా.

ముందు పాత నిబంధన. మనకు మిగిలిన సంపూర్ణ హీబ్రూ ప్రతుల్లో అన్నిటికంటే పాతది లెనిన్‌గ్రాడ్ కోడెక్స్ (పుస్తకంలా కుట్టిన చేతిరాత ప్రతి). దాన్ని క్రీ.శ. 1008 ప్రాంతంలో రాశారు. యెషయా ప్రవక్త క్రీస్తుకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందువాడు. ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో చూపించే హీబ్రూ ఆధారం 1947 దాకా దాదాపు లేదు. ఆ రోజుల్లో ఎవరైనా "మధ్యలో మార్చేశారు" అంటే చూపించి కాదనడానికి చేతిలో ఏమీ ఉండేది కాదు.

1947 ప్రాంతంలో మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో పశువుల కాపరులకు చేత్తో రాసిన గ్రంథపు చుట్టలు దొరికాయి. వాటిలో యెషయా గ్రంథపు చుట్ట మొదటి అధ్యాయం నుంచి 66వ అధ్యాయం దాకా ఇంచుమించు పూర్తిగా ఉంది. 17 తోలు ముక్కల్ని కలిపి కుట్టారు. పొడవు 7.34 మీటర్లు, 54 కాలమ్‌ల రాత. క్రీ.పూ. 125 ప్రాంతానిదని పండితుల అంచనా. అంటే అప్పటిదాకా ఉన్న ప్రతికంటే వెయ్యేళ్లకు పైగా పాతది. రెండింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చారు.

తేడాలు ఉన్నాయి. వేలల్లో ఉన్నాయి. ఇది దాచి చెప్పకండి. అయితే వాటిలో అత్యధికం అక్షరక్రమానికి, వ్యాకరణ రూపాలకు సంబంధించినవి. అర్థాన్ని తాకేవి కొన్నే. ఉదాహరణకు 53:11లో "అతడు తనకు కలిగిన వేదనఫలమును చూచి" అని మనం చదువుతాం. కుమ్రాను ప్రతిలో అక్కడ "వెలుగు" అనే మాట అదనంగా ఉంది, పాత గ్రీకు అనువాదంలోనూ ఉంది. బాధపడిన సేవకుడు వెలుగును చూస్తాడని దాని భావం. చాలా ఆధునిక అనువాదాలు ఇప్పుడు దీన్నే తీసుకుంటున్నాయి.

40వ అధ్యాయంలో ఒక తప్పు అచ్చంగా కళ్లకు కడుతుంది. ఏడో వచనంలోనూ ఎనిమిదో వచనంలోనూ గడ్డి ఎండిపోవడం, పువ్వు వాడిపోవడం అనే మాటలు ఒకేలా వస్తాయి. లేఖకుడి చూపు మొదటిదాని నుంచి రెండోదానికి దూకింది, మధ్యలోని మాటలు పడిపోయాయి. తర్వాత వేరొక చెయ్యి ఆ మాటల్ని వరుసల మధ్యనా అంచులోనూ ఇరికించి రాసింది. "మన దేవుని వాక్యము నిత్యము నిలుచును" అని చెప్పే చోటే ఇది జరిగింది. తప్పు పడటం, దాన్ని మరొకరు పట్టుకోవడం, దిద్దిన గుర్తు ఈనాటికీ కనిపించడం, మూడూ ఆ ఒక్క తోలు మీదే ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా మీ అబ్బాయికి చెప్పండి, లేకపోతే రేపు ఇంకెవరో చెబుతారు. యిర్మీయా గ్రంథం కుమ్రానులో రెండు రూపాల్లో దొరికింది. ఒకటి మన హీబ్రూ పాఠంలాంటిది. రెండోది గ్రీకు అనువాదానికి దగ్గరగా ఉండే పొట్టి రూపం, సుమారు ఎనిమిదో వంతు చిన్నది. క్రీస్తుకు ముందు కొన్ని గ్రంథాలు ఒకటికి మించిన రూపాల్లో చెలామణిలో ఉండేవన్నమాట. యెషయా విషయంలో కనిపించినంత దగ్గరి పోలిక ప్రతి గ్రంథంలోనూ ఉందని చెబితే అది నిజం కాదు.

కొత్త నిబంధన దారి వేరు. గ్రీకు రాతప్రతులు 5,000కు పైగా జాబితాకెక్కాయి. వీటిలో చాలావరకు తొమ్మిదో శతాబ్దం తర్వాతివి, చాలా వాటిలో కొత్త నిబంధన మొత్తం ఉండదు. పాతవి కొద్దే గానీ విలువైనవి. మాంచెస్టరులోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో యోహాను 18వ అధ్యాయపు పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క ఉంది. సుమారు 9 సెంటీమీటర్లు పొడవు, 6 వెడల్పు, రెండు వైపులా రాత. రెండో శతాబ్దానిదని అంచనా, మొదటి సగమా రెండో సగమా అన్న చర్చ సాగుతోంది. పౌలు పత్రికల సంపుటి ఒకటి క్రీ.శ. 200 ప్రాంతానిది. నాలుగో శతాబ్దానికి వచ్చేసరికి సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి అనే రెండు పెద్ద గ్రంథాలు ఉన్నాయి. సీనాయి ప్రతిలో ఎక్కువ భాగం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

"కాపీకి కాపీ" అనే మాట ఒకే వరసలో ఒకరి నుంచి ఒకరికి చేరితే సరిపోతుంది. ఇక్కడ జరిగింది అది కాదు. మొదటి రెండు మూడు శతాబ్దాల్లో సంఘాలకు కేంద్ర కార్యాలయం లేదు, ప్రతుల మీద ఎవరి అజమాయిషీ లేదు. ఐగుప్తులో ఒకరు, సిరియాలో ఒకరు, రోములో ఒకరు ఎవరి ప్రతి వారు రాసుకున్నారు. అందుకే తేడాలు వచ్చాయి. అందుకే అన్ని ప్రతుల్నీ ఒకేసారి మార్చడం ఎవరి తరమూ కాలేదు. ఒక కొమ్మలో పడిన తప్పు పక్క కొమ్మను చూస్తే బయటపడుతుంది. నన్నయ, తిక్కనల భారతాన్ని పరిష్కరించేవారు నాలుగైదు తాళపత్ర ప్రతులు ముందేసుకుని పాఠాంతరాలు చూసినట్టే ఇక్కడా చూస్తారు, కాకపోతే ప్రతులు వేలల్లో ఉంటాయి.

నాలుగు లక్షల తేడాలు అనే అంకె ఇంటర్నెట్‌లో తిరుగుతుంది. అది దాదాపు సరైన అంచనానే. ప్రతులు పెరిగేకొద్దీ తేడాల లెక్కా పెరుగుతుంది. స్పెల్లింగు, మాటల వరస, "యేసు" అన్నచోట "ప్రభువైన యేసు" అని రావడం, ఇవే అత్యధికం. అర్థాన్ని మార్చేవీ, అసలు పాఠం కావడానికి అవకాశం ఉన్నవీ అయిన తేడాలు చాలా స్వల్పం. వాటిని శాస్త్రీయ గ్రీకు ముద్రణలు పేజీ అడుగున అచ్చువేస్తాయి. దాచినదేమీ లేదు.

మీ అబ్బాయికి ఒక హెచ్చరిక. "తొలి సంఘ పితరుల ఉల్లేఖనాలతో పదకొండు వచనాలు తప్ప కొత్త నిబంధన మొత్తం తిరిగి రాయొచ్చు" అని ప్రసంగాల్లో వినిపిస్తుంది. ఆ లెక్క నిలవదు, వాడొద్దనండి. నిజమైన ఆధారం చాలినంత ఉండగా తప్పుడు లెక్క వాడితే ఉన్నదాని మీదా నమ్మకం పోతుంది.

మా తెలుగు బైబిల్లో మత్తయి 17లో 20వ వచనం తర్వాత 22 ఉంది. 21 ఎక్కడ? ఎవరో కావాలని తీసేశారని మా ప్రార్థన గుంపులో ఒకరు గట్టిగా అంటున్నారు. ఉపవాసం గురించిన వచనం కాబట్టే తీశారట.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

తీసేయలేదు. సీనాయి, వాటికన్ ప్రతుల్లాంటి పాత ప్రతుల్లో మత్తయి సువార్తలో ఆ వచనం లేదు. మార్కు 9:29లో యేసు ఇదే సందర్భంలో ప్రార్థన గురించి చెప్పిన మాట ఉంది. మార్కును బాగా ఎరిగిన లేఖకుడు మత్తయిని రాస్తూ ఆ మాటను ఇక్కడికీ తెచ్చాడు. ఒక సువార్తను మరో సువార్తతో సరిపెట్టడం లేఖకులకు మామూలే. వచనాల సంఖ్యలు వేసింది 16వ శతాబ్దంలో, అప్పటి ముద్రణల్లో ఈ వాక్యం ఉంది. తర్వాత పాత ప్రతులు చూసి వాక్యాన్ని పక్కన పెట్టినా, సంఖ్యలు మార్చితే ప్రపంచమంతా గందరగోళం కాబట్టి ఖాళీగా వదిలారు. ఉపవాసం మాత్రం ఎక్కడికీ పోలేదు, మత్తయి 6:16–18, అపొస్తలుల కార్యములు 13:2–3 అలాగే ఉన్నాయి.

ఇలాంటివే మరికొన్ని. అపొస్తలుల కార్యములు 8లో 36 తర్వాత 38 వస్తే కారణం ఇదే. ఆరాధనలో ప్రభువు ప్రార్థన చివర మనం చెప్పే "రాజ్యము, బలము, మహిమ" అనే మాటలు మత్తయి పాత ప్రతుల్లో లేవు. చాలా ముందు నుంచే సంఘాలు ప్రార్థన ముగింపుగా వాడుతుండగా పాఠంలోకి వచ్చాయి. ఆ మాటలు చెప్పడం మానాల్సిన పని లేదు. భావం పూర్తిగా లేఖనానుసారమే, 1 దినవృత్తాంతములు 29:11 చూడండి.

రెండు పెద్ద భాగాలున్నాయి: మార్కు 16:9–20, యోహాను 7:53 నుంచి 8:11 వరకు. మొదటిది సీనాయి, వాటికన్ ప్రతుల్లో లేదు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ వృత్తాంతం ఆ రెండింటిలోనే కాదు, యోహాను సువార్త పాత పపైరస్ ప్రతుల్లోనూ లేదు. కొన్ని ప్రతుల్లో అది లూకా సువార్తలో కనిపిస్తుంది. అది నిజంగా యేసు జీవితంలో జరిగిన సంఘటనే అని నమ్మే పండితులు చాలామంది ఉన్నారు, యోహాను రాసిన భాగం కాదని చెప్పేవారూ దాదాపు వాళ్లే. మార్కు చివరి భాగం విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. పాములు పట్టుకోవడం, విషం తాగడం గురించి 16:18లో ఉంది. ఆ ఒక్క వచనాన్ని పట్టుకుని విశ్వాస పరీక్షలు పెట్టేవారు ఉన్నారు. పాఠం మీదే ఇంత సందేహం ఉన్నచోట ప్రాణం మీదికి తెచ్చే ఆచారం కట్టకూడదు. సందేహం లేకపోయినా కట్టకూడదు, మత్తయి 4:7 చాలు.

ఇక 1 యోహాను 5:7లో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అని ముగ్గురు పరలోక సాక్షులున్నారని పాత ఇంగ్లీషు బైబిల్ చూపించి త్రిత్వాన్ని నిరూపించేవారికి ఒక మాట. 16వ శతాబ్దపు పండితుడు ఎరాస్మస్ తన గ్రీకు కొత్త నిబంధన ముద్రణల్లో 1516లోనూ 1519లోనూ దాన్ని వేయలేదు. తన కాలంలోనే రాసినట్టు కనిపించే ఒక ప్రతిని చూపించాక 1522లో చేర్చాడు. దాని మీద వాదం కట్టకండి. మత్తయి 28:19, 2 కొరింథీయులకు 13:14 ఉన్నాయి.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియా సభలో ఓటు వేయించి ఏ పుస్తకాలు ఉండాలో నిర్ణయించాడట కదా?
— పాఠకుడు, వరంగల్

కాదు. 325లో జరిగిన ఆ బిషప్పుల సభ ముఖ్యంగా చర్చించింది కుమారుడు సృష్టింపబడినవాడే అన్న అరియస్ బోధ గురించి, పస్కా పండుగ తేదీ గురించి. సభ చేసిన 20 నియమాల్లో గ్రంథాల జాబితా లేదు. దానికి 140 ఏళ్ల ముందే ఇరేనియస్ అనే బిషప్ సువార్తలు నాలుగేనని రాశాడు. మన 27 పుస్తకాల జాబితా అచ్చంగా కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనేసియస్ పంపిన పస్కా ఉత్తరంలో. మధ్యకాలంలో హెబ్రీయులకు, యాకోబు, 2 పేతురు, యూదా, ప్రకటన గ్రంథాల మీద సంఘాల మధ్య నిజమైన చర్చ జరిగింది. సిరియా సంఘం మొదట్లో 22 పుస్తకాలే చదివింది. పౌలు ముఖ్యమైన పత్రికలు, నాలుగు సువార్తల విషయంలో అంత చర్చే లేదు.

కేథలిక్ బైబిల్లో 73, మనదాంట్లో 66 ఎందుకని అడిగేవారికి: ఆ తేడా పాత నిబంధనలోనే, కొత్త నిబంధన ఇద్దరికీ ఒకటే.

2 రాజులు 8:26లో అహజ్యా ఏలనారంభించినప్పుడు 22 ఏళ్లవాడు. 2 దినవృత్తాంతములు 22:2లో 42. దేవుని వాక్యంలో తప్పు ఎలా ఉంటుంది? ఎంత వెతికినా నాకు సమాధానం దొరకలేదు, మనసు చెదిరిపోయింది.
— సండే స్కూల్ టీచరు, నంద్యాల

రెండు నిమిషాలు లెక్క వేద్దాం. అహజ్యా తండ్రి యెహోరాము 32వ ఏట రాజయ్యాడు, ఎనిమిదేళ్లు ఏలాడు (2 దినవృత్తాంతములు 21:20). చనిపోయేనాటికి 40. ఆ వెంటనే రాజైన కొడుక్కి 42 అయితే తండ్రికంటే రెండేళ్లు పెద్ద. కాబట్టి 42 చేతిరాతలో పడిన పొరపాటు. కొన్ని ప్రాచీన అనువాదాల్లో అక్కడ 22 అనే ఉంది, చాలా కొత్త అనువాదాలూ అలాగే దిద్దాయి. పాత హీబ్రూ పాఠాన్ని అనుసరించిన బైబిళ్లలో 42 మిగిలిపోయింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. యూదు లేఖకులకు ఈ లెక్క తెలియక కాదు. కావాలంటే 42ను 22గా దిద్దేవారు. తమ ముందున్న ప్రతిలో ఏముందో అదే రాశారు. దిద్దితే సులువయ్యే చోట కూడా దిద్దలేదు. ఒక గ్రంథంలో ఎన్ని పదాలున్నాయో, మధ్య వచనం ఏదో లెక్కపెట్టి అంచుల్లో రాసుకున్న మనుషులు వాళ్లు.

చాలా సంఘాల సిద్ధాంత ప్రకటనల్లో "మూల ప్రతుల్లో" అనే మాట ఉంటుంది. లేఖనం దైవావేశం వలన కలిగిందంటే రచయిత రాసిన దాని గురించే, ప్రతి లేఖకుడి చేతి గురించి కాదు. ఈ తేడా సండే స్కూల్ పిల్లలకు పన్నెండు, పదమూడేళ్లకే నేర్పాలి. నేర్పకపోతే ఇరవయ్యో ఏట ఒక వీడియోలో చూసి మొత్తం వదిలేస్తారు.

అయితే అన్ని చిక్కులూ ఇంత సులువుగా విడవు. లూకా 2:2లో, యేసు పుట్టిన సందర్భంలో, కురేనియు సిరియాకు అధిపతిగా ఉన్నప్పటి జనాభా లెక్క ప్రస్తావన ఉంది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ప్రకారం అది క్రీ.శ. 6లో. కానీ యేసు పుట్టినప్పుడు రాజుగా ఉన్న హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. కురేనియు అంతకుముందే ఒకసారి పదవిలో ఉన్నాడనీ, "కురేనియు అధిపతి కాకముందు" అని చదవాలనీ పరిష్కారాలు చెప్పారు. ఏదీ తిరుగులేని రుజువు కాదు. పిల్లలు అడిగితే "ఇది తేలలేదు" అనే చెప్పండి. బలవంతపు సమాధానం ఇస్తే వాళ్లు పసిగడతారు.

పాఠం చెక్కుచెదరకుండా వచ్చిందనే అనుకుందాం. కట్టుకథ కూడా చెక్కుచెదరకుండా రావచ్చు కదా? నేను విశ్వాసిని కాను, నిజంగానే అడుగుతున్నాను.
— పాఠకుడు, హైదరాబాద్

మంచి ప్రశ్న, మీరు అడిగినందుకు సంతోషం. పైన చెప్పిన రాతప్రతుల వాదం మీ ప్రశ్నకు జవాబు కాదని ముందే ఒప్పుకోవాలి. చాలామంది క్రైస్తవులు ఈ రెండింటినీ కలిపేస్తారు.

మొదటగా 1 కొరింథీయులకు 15:3–8 చదవండి. పౌలు కొరింథులో ఉన్న కాలం మనకు బాగానే తెలుసు. అపొస్తలుల కార్యములు 18:12లో గల్లియో అకయకు అధిపతిగా ఉన్నాడని ఉంది. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనంలో క్లౌదియ చక్రవర్తి ఉత్తరంలో ఈ గల్లియో పేరుంది. దాన్నిబట్టి అతని పదవీకాలం క్రీ.శ. 51–52 ప్రాంతమని తేలింది. కొరింథు నుంచి వెళ్లాక ఎఫెసు నుంచి పౌలు ఈ పత్రిక రాశాడు, సుమారు 54–55లో. యేసు సిలువ 30లో గానీ 33లో గానీ. అంటే పాతికేళ్ల లోపే.

ఆ పత్రికలో "నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని" అంటాడు. అప్పటికే తనకు ముందువాళ్ల నుంచి అందిన మాట అది: క్రీస్తు మృతిపొందెను, సమాధిచేయబడెను, మూడవదినమున లేపబడెను, కేఫాకు (అంటే పేతురుకు) కనబడెను. ఆ తర్వాత ఐదు వందలమందికి పైగా చూశారనీ, వారిలో అనేకులు ఇంకా బతికే ఉన్నారనీ రాస్తాడు. తనను ప్రశ్నించే మనుషులున్న సంఘానికి ఇది రాశాడు. నిజమో కాదో కనుక్కోగల వాళ్లకు రాశాడు.

లూకా సువార్త మొదటి నాలుగు వచనాలు చూడండి. "మొదటనుండి తరచి పరిష్కారముగా తెలిసికొని" వరుసగా రాస్తున్నానంటాడు. తనకు ముందే అనేకులు రాశారనీ, కన్నులార చూసినవాళ్లు అప్పగించారనీ చెబుతాడు. ఆకాశం నుంచి ఊడిపడిన పుస్తకమని అనలేదు. కట్టుకథ అల్లేవాళ్లు సాధారణంగా పెట్టని సంగతులు కూడా సువార్తల్లో ఉన్నాయి. నాయకుడైన పేతురు ముమ్మారు బొంకుతాడు. ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలు. ఆ కాలంలో స్త్రీల సాక్ష్యాన్ని ఒప్పుకోకూడదని జోసీఫస్ రాశాడు. జనాన్ని నమ్మించడానికి కల్పించే కథ అయితే ఆ పాత్రను పేతురుకో యోహానుకో ఇచ్చేవారు.

రాళ్లు చెప్పేదీ కొంత ఉంది. కైసరయలో 1961లో పొంతి పిలాతు పేరున్న రాయి దొరికింది. తెల్ దానులో 1993లో దొరికిన క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దపు అరామిక్ శాసనంలో దావీదు వంశం మాట ఉంది. యూదా రాజు హిజ్కియా యెరూషలేములో తవ్వించిన నీటి సొరంగం సుమారు 533 మీటర్లు, ఇప్పటికీ అందులో నీళ్లలో నడిచి వెళ్లొచ్చు. అష్షూరు రాజు సన్హెరీబు దండయాత్ర కథనం అతని సొంత మట్టి శాసనంలోనూ ఉంది. హిజ్కియా కట్టిన కప్పం హీబ్రూ బైబిల్లో 30 తలాంతుల (తలాంతు ఒక పాతకాలపు తూకం) బంగారం, 300 తలాంతుల వెండి. శాసనంలో బంగారం 30, వెండి 800. మీ తెలుగు ప్రతిలో కొలత మణుగుల్లో ఉంటే అంకెలు వేరుగా కనిపిస్తాయి. బంగారం లెక్క కలిసింది, వెండి కలవలేదు. హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానన్న సన్హెరీబు యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనడు.

దీన్నిబట్టి ఎంత చెప్పొచ్చు? ఈ రచయితలు నిజమైన లోకంలో, నిజమైన మనుషుల మధ్య జరిగిన సంగతులు చెబుతున్నారనీ, సంఘటనలకు దగ్గరగా ఉన్నారనీ చెప్పొచ్చు. పిలాతు రాయి పిలాతును రుజువు చేస్తుంది, పునరుత్థానాన్ని కాదు. ఇది దేవుని వాక్కు అని ఒప్పుకోవడం మా విశ్వాసం. యేసు లేఖనాలను అలా ఎంచాడు, మేము ఆయన్ని నమ్మాం కాబట్టి అలాగే ఎంచుతున్నాం. ఆధారాలు మిమ్మల్ని గుమ్మం దాకా తెస్తాయి. లోపల ఉన్నాయన్ని కలవాలంటే సువార్తే చదవాలి. మార్కుతో మొదలుపెట్టండి, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

నాసా కంప్యూటర్లలో యెహోషువ కాలపు ఒక రోజు తగ్గిందని తేలిందన్న మెసేజి మా సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఎర్ర సముద్రంలో రథచక్రాల ఫొటోలు కూడా. వీటిని ప్రసంగంలో వాడొచ్చా?
— యువ సేవకుడు, ఖమ్మం

వాడకండి. నాసా సంగతి 1960ల చివర్లో అమెరికాలో ప్రచారమైంది. నాసా గొడ్డార్డ్ కేంద్రం తామలాంటి లెక్కేదీ చేయలేదని చెప్పింది. అసలు కంప్యూటర్లు రాకముందే, 1890లో ఇదే లెక్కను మరొకరు అచ్చువేశారు. యెహోషువ 10లో సూర్యుడు ఆగిపోయిన కాలం 23 గంటల 20 నిమిషాలు, హిజ్కియా నీడ పది మెట్లు వెనక్కి వెళ్లడం 40 నిమిషాలు, మొత్తం ఒక రోజు అని కూడిక. ఇది ఎందుకు కుదరదంటే, ఒక రోజు "తగ్గింది" అని తేల్చడానికి ఆ సంఘటనకు ముందు ఫలానా రోజున సూర్యుడు ఫలానా చోట ఉన్నాడని స్వతంత్రంగా రాసిపెట్టిన లెక్క ఉండాలి. అలాంటిది లేదు. ఇక రథచక్రాలంటారా, పురావస్తు శాస్త్రవేత్తలు పరిశీలించి ధ్రువీకరించిన వస్తువు ఒక్కటీ లేదు.

నిపుణులే మోసపోయిన సందర్భాలున్నాయి. వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం సేకరించిన 16 మృత సముద్రపు చుట్టల ముక్కలు అన్నీ నకిలీవేనని 2020లో తేలింది. పాత తోలు మీద కొత్తగా రాశారు. తోలు పగుళ్లలోకి సిరా జారిన తీరు వల్ల దొరికిపోయింది. మ్యూజియమే పరీక్ష చేయించి, ఫలితాన్ని బయటపెట్టింది. ఆ నిజాయితీని ఆదర్శంగా తీసుకోవాలి.

ఫార్వర్డ్ వస్తే నాలుగు అడగండి: ఎక్కడ దొరికింది, ఏ సంవత్సరం, ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది, తవ్వినవారు కాక ఇంకెవరు పరిశీలించారు. నాలుగింటికీ జవాబు లేకపోతే పల్పిట్ ఎక్కించొద్దు. ఇప్పటికే చెప్పేసి ఉంటే వచ్చే ఆదివారం సవరించి చెప్పండి. "అబద్ధ సాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞ దేవుని పక్షాన పలికే సాక్ష్యానికీ వర్తిస్తుంది.

ముస్లిం స్నేహితుడొకరు బర్నబా సువార్త ఇచ్చాడు. అసలైన సువార్త ఇదేనంటున్నాడు. ఎలా మాట్లాడాలి?
— పాఠకుడు, కర్నూలు

ముందు ఆయనతో స్నేహం చెడకుండా మాట్లాడండి, మీకు మంచి జరగాలనే ఇచ్చాడు. పుస్తకం విషయానికొస్తే, వియన్నాలో ఉన్న ఇటాలియన్ రాతప్రతి సుమారు 16వ శతాబ్దం చివరిది. తొలి శతాబ్దాల గ్రీకు ప్రతి ఒక్కటీ లేదు. 20వ అధ్యాయంలో యేసు ఓడలో నజరేతుకు వెళ్తాడు. నజరేతు కొండల మీది ఊరు, అక్కడ రేవు లేదు. జూబిలీ (బానిసలకు విడుదల దొరికే సంవత్సరం) వందేళ్లకోసారి వస్తుందని ఉంది. మోషే ధర్మశాస్త్రంలో అది యాభయ్యో ఏడు. వంద అనేది పోప్ 1300లో పెట్టిన లెక్క. ఈ రెండు చోట్లూ ఇద్దరూ కలిసి చదవండి. తర్వాత లూకా సువార్త ఆయనకివ్వండి, ఆయనిచ్చింది మీరు చదివారు కాబట్టి.

మన తెలుగు బైబిల్ ఇంగ్లీషు నుంచి వచ్చిన అనువాదమా?
— పాఠకురాలు, నెల్లూరు

తెలుగు చేసినవారు హీబ్రూ, గ్రీకు మూలాలు చూసి, తెలుగు పండితుల సాయంతో చేశారు. ఇంగ్లీషు ప్రభావం లేదని కాదు. లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు అనే తెలుగు పండితుడి తోడ్పాటుతో మత్తయి, మార్కు, లూకా సువార్తలు సిద్ధమై 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. సంపూర్ణ తెలుగు బైబిల్ 1854 నాటికి వచ్చింది. ఆ తర్వాత చాలా సవరణలు జరిగాయి. భాష పాతబడిందనిపిస్తే వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి. రెండూ వేరుపడిన చోట ఆగి, పేజీ అడుగున గమనిక ఉందేమో చూడండి. యాప్‌లలో ఈ గమనికలు చాలాసార్లు ఉండవు, అచ్చు ప్రతి ఒకటి ఇంట్లో ఉండాలి.

ఇవన్నీ మా యూత్ మీటింగులో చెప్పాలనుంది. నాకు గ్రీకు రాదు, హీబ్రూ రాదు. నాలుగు ఆదివారాలు, ఒక్కోటి ముప్పావుగంట. ఎలా పెట్టుకోమంటారు?
— యూత్ లీడరు, గుంటూరు

నాలుగు చాలు, ఉపన్యాసాలు పెట్టకండి. అపొస్తలుల కార్యములు 17:11లో బెరయ వాళ్లు పౌలు చెప్పిన సంగతులు "ఆలాగున్నవో లేవో" అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు. పిల్లల చేతే పరిశోధింపజేయండి.

మొదటి ఆదివారం ఒక చిన్న పని. యెషయా 40:1–11 ఇచ్చి, పదిమందిని చేత్తో రాయమనండి, పావుగంట గడువు. తర్వాత ప్రతులు మార్చుకుని తప్పులు వెతకమనండి. చూపు దూకడం, మాట రెండుసార్లు రావడం, అలవాటైన మాట పడటం, అన్నీ దొరుకుతాయి. అప్పుడు మీ అచ్చు బైబిల్ దాచేసి, ఆ పది ప్రతుల్ని బట్టే అసలు పాఠం రాయమనండి. రాయగలుగుతారు, ఎందుకంటే అందరూ ఒకే చోట తప్పు చేయరు. ఏడు, ఎనిమిది వచనాల దగ్గర ఎవరికైనా చూపు దూకితే కుమ్రాను చుట్ట సంగతి అప్పుడే చెప్పండి.

రెండో ఆదివారం మత్తయి 17:21, మార్కు 16:9–20, అహజ్యా వయసు. తెలుగు బైబిళ్లు రెండు మూడు రకాలు తెప్పించి పక్కపక్కన చూపించండి. మూడో ఆదివారం 1 కొరింథీయులకు 15:1–11, అపొస్తలుల కార్యములు 18:1–17 చదివి, పౌలు కాలక్రమాన్ని బోర్డు మీద వాళ్ల చేతే గీయించండి. నాలుగో ఆదివారం ప్రశ్నలు చీటీల మీద, పేరు లేకుండా. పేర్లు అడిగితే అసలు సందేహాలు బయటికి రావు. జవాబు తెలియని చీటీలను పక్కన పెట్టి, రెండు వారాల్లో చెబుతామని మాటివ్వండి, మాట నిలబెట్టుకోండి.

ఎక్కడ చెడుతుందంటే, లీడరు సందేహం అడిగినవాడిని అవిశ్వాసి అన్నప్పుడు. తోమాను యేసు అలా పంపేయలేదు, తన చేతులు చూడమన్నాడు. ఇంకోచోట కూడా చెడుతుంది: ఈ నాలుగు వారాలూ రాతప్రతుల గురించే మాట్లాడి, బైబిల్ చదవడమే మరిచిపోతే. అందుకని ప్రతి ఆదివారం మొదటి పది నిమిషాలు యోహాను సువార్త నుంచి ఒక అధ్యాయం బిగ్గరగా, వ్యాఖ్యానం లేకుండా చదివించండి. మొదటి నాలుగు అధ్యాయాలు పూర్తవుతాయి. ఐదో ఆదివారం ఐదో అధ్యాయం, 39, 40 వచనాల దగ్గర ఆగి వాళ్లు ఏమంటారో వినండి.